పిడికిలి ఎడం

భాష్యం పాతికేళ్ళలో లక్షకు పైగా కొత్త కార్లు నడిపాడు. ఇంట్లో మాత్రం కారు లేదు.

ఈ సంగతి కొత్తగా పరిచయమైన వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం ఎప్పుడూ సీత పనే. ఎగుమతి కావలసిన కార్లు ఫ్యాక్టరీల నుంచి ఎన్నూరు రేవుకు వస్తాయి. ఓడ వచ్చిన రోజు పదిమంది డ్రైవర్లు పది కార్లెక్కి, ఒకరి వెనక ఒకరు, గంటకు ఇరవై కిలోమీటర్లు దాటకుండా వాటిని ఓడ కడుపులోకి తీసుకుపోతారు. లోపల ఈల పట్టుకున్న మనిషి చేతులతో సైగ చేస్తుంటే వెనక్కి తిప్పి నిలబెడతారు. అంతకుముందు నిలిపిన కారుకూ ఈ కారు ఎడమ తలుపుకూ మధ్య ఒక్క పిడికిలి పట్టేంత ఎడం ఉండాలి. ఎక్కువైతే ఓడలో చోటు దండగ, తక్కువైతే కారుకు గీత. తాళంచెవి కారులోనే వదిలి, కుడి తలుపులోంచి దిగి, కాచుకుని ఉన్న వ్యానెక్కి మళ్ళీ యార్డుకు రావాలి. మళ్ళీ ఇంకో పది కార్లు. ఆ ఎడమ తలుపు తీసే పని ఎవరికీ ఉండదు. ఆ పక్క సీట్లో ఎవరూ కూర్చోరు. దాని మీద కప్పిన ప్లాస్టిక్ కాగితం కూడా నలగదు.

"దినానికి యాభై కార్లు దిగి వచ్చినోడికి ఇంటి ముందర ఇంకో కారెందుకే?" అనేవాడు భాష్యం. అందుకే తిరువొత్తియూరులో వాళ్ళ ఫ్లాటుకు కింద ఇచ్చిన కారు జాగాలో ఆయన స్కూటరు, కూతురు ఆరతి స్కూటీ, పక్కింటివాళ్ళ పాత మంచం ఉండేవి. పెళ్ళిళ్ళకూ తిరుపతికీ అద్దె కారు పిలిచేవారు. దాన్ని నడిపేది ఆ కారు డ్రైవరే. భాష్యం ముందు సీట్లో కూర్చుని, లేని బ్రేకును కాలితో తొక్కుతూ ఉండేవాడు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆయన కారు నడుపుతుంటే సీత చూసింది లేదు.

రెండు నెలల కిందట రేవులో కాంట్రాక్టరు మారాడు. యాభై రెండు దాటిన వాళ్ళెవరూ స్టీరింగు ముట్టకూడదని కొత్తాయన రూలు పెట్టాడు. భాష్యానికి యాభై మూడు. జీతం తగ్గించలేదు, యార్డులో నిలబడి, ఓడెక్కే కార్ల నంబర్లు ట్యాబులో ఎక్కించే పని ఇచ్చారు. "ప్రమోషన్ దానే నాన్నా!" అంది ఆరతి. అవునన్నాడు. కానీ ఆ వారం నుంచే ఆయన ఇంట్లో ప్రతిదానికీ ఎవరో ఒకరిని అడగడం మొదలుపెట్టాడు. గ్యాసు కట్టేసినానా సీతా? ఈ చొక్కా బాగుందా? స్కూటరు ఆడ పెట్టినా, సరిగా పెట్టినానా, ఒకసారి చూస్తావా? ట్యాబులో ఏ బొమ్మ నొక్కాలో రోజూ ఆరతి దగ్గర పాఠం. వంటింట్లో గరిటె ఎక్కడ వేలాడాలో, దుప్పటి అంచు ఎంత కిందికి జారాలో కూడా లెక్కగా చూసుకునే సీతకు ఈ మార్పు కనబడకుండా పోదు. నోరు తెరిచి అడగలేదు. అడిగితే ఆయన దానికీ ఏం జవాబు చెప్పాలో తననే అడుగుతాడేమోనని భయపడింది.

ఆ రోజుల్లోనే పాల్‌రాజ్ కారు సంగతి వచ్చింది.

పాల్‌రాజ్‌కు రాయపురంలో ఐసు ఫ్యాక్టరీ ఉంది. చేపల పడవలకు ఐసు వేస్తాడు. భాష్యం ఎన్నూరుకు మారక ముందు హార్బరులో పనిచేసిన రోజుల నుంచీ స్నేహితుడు. యాభయ్యో ఏట సరదాపడి ఒక స్పోర్ట్స్ కారు కొన్నాడు. పసుపు రంగు, రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. అరవై వచ్చేసరికి నడుము పట్టేసింది. అందులో కూర్చోగలడు గానీ లేవలేడు. ఫ్యాక్టరీ షెడ్డులో పట్టా కప్పి ఉంచిన ఆ కారును భాష్యం బుధవారం చూశాడు. గురువారం సాయంత్రం దోసెలు తింటూ సంగతి బయటపెట్టాడు.

"పాల్‌రాజ్ కారు అమ్మేస్తా ఉండాడు. సోమవారం వేళచ్చేరి నుంచి ఎవరో చూసేదానికి వస్తారంట. ఆదివారం లోపల మనకు కావాలంటే మనకే అన్నాడు."

సీత అట్లకాడ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "మనకా?"

"అదే... కావాలంటే."

"ఎవరికి కావాలి?"

భాష్యం దోసె ముక్కను చట్నీలో అటూ ఇటూ తిప్పాడు. ఆరతి నవ్వు ఆపుకోలేకపోయింది. "నాన్నా, ఇది మిడ్‌లైఫ్ క్రైసిస్ పా!"

"అంటే ఏందమ్మా?"

"నీ వయసొచ్చిన మగోళ్ళకు వచ్చే జొరం. కొందరు జుట్టుకు రంగేస్తారు, కొందరు జిమ్ముకు పోతారు. నీకు పసుపు కారు వచ్చింది."

"జొరం లేదు ఏం లేదు. సుమ్మా, ఊరికే చూసినా, నచ్చింది."

"రెండే సీట్లంట గదా," అంది సీత. "మీరొకరు, ఇంకొకరు. మన ముగ్గురిలో ఎవురు ఇంట్లో ఉండాల?"

"నేను బస్సులో వస్తాలేమ్మా," అంది ఆరతి. "మీరిద్దరూ కాలేజీ పిల్లల్లాగా పోండి. వీధంతా సూపర్‌గా చూస్తాది."

ఆ చూడడమే సీతకు ముల్లులా తగిలింది. డబ్బు సంగతి పెద్దది కాదు. చీరాల దగ్గర అత్తగారి వైపు పొలం అమ్మగా వచ్చింది బ్యాంకులో ఉంది, ఆరతి పెళ్ళికని తీసింది వేరే ఉంది. ఊళ్ళోవాళ్ళు నవ్వడం కూడా కాదు, వాళ్ళు నవ్వినప్పుడు ఈయన ముఖం చిన్నబుచ్చుకుని తన వైపు తిరిగి 'తప్పు చేసినానా సీతా?' అని అడగడమే ఆమె చూడలేనిది. రెండు నెలలుగా అడుగుతున్న ప్రశ్నలన్నీ చాలు. దీన్ని కూడా వాటిలో కలపకూడదు.

"ఆదివారం నేను కూడా వస్తా," అంది. "కూర్చుని చూసి చెప్తా."

వద్దని చెప్పడానికే వెళ్తున్నానని ఆమెకు ముందే తెలుసు. మెత్తగా ఎలా చెప్పాలన్నదే ఆలోచన.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఇద్దరూ షేర్ ఆటోలో రాయపురం చేరారు. పాల్‌రాజ్ లుంగీ మడిచి కట్టుకుని, షెడ్డు ముందు స్టూలు మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. నడుము వంచకుండానే చేతులు జోడించాడు.

"రామ్మా, రా. ఇదిగో, మీ ఆయన పిల్ల."

"నాకు సవతిని తెచ్చినారా అన్నా?"

"పావం, నన్ను వదిలేసి పోతా ఉంది. మా ఇంటామె దీంట్లో ఒక్క దినం కూడా ఎక్కలా. 'దూరేదానికి నేనేమన్నా పిల్లినా' అనేసింది. నువ్వన్నా ఎక్కు."

పట్టా తీశారు. ఎండ పడగానే ఆ పసుపు రంగు కళ్ళు మూసుకునేలా చేసింది. భాష్యం ముందుగా వేలి ఉంగరం తీసి, వాచీ విప్పి, సీత చేతిలో పెట్టాడు. రేవులో అదే పద్ధతి. కొత్త కారు మీద లోహం తగలకూడదు. సీత వాటిని పర్సులో వేసుకుంటూ, ఇన్నేళ్ళూ ఆయన పనికి పోయే ముందు వాటిని తీసి ఇంట్లో దేవుడి గూట్లో పెట్టేవాడని, ఆ పనే ఇప్పుడు కారు ముందర జరుగుతున్నదని గమనించింది.

ఆమె ఎడమ సీట్లో కూర్చోవడం ఒక పెద్ద పనే అయింది. ముందు కూర్చుని, తరువాత కాళ్ళు లోపలికి తీసుకుని, చీర కుచ్చిళ్ళు లాక్కుని, తలుపు మూసుకునేసరికి చెమట పట్టింది. సీటు వెనక్కి పోయి బిగుసుకుని ఉంది. ముందుకు జరుపుకుందామని కింద మీట లాగింది. కదల్లేదు.

"ఒక రౌండు పోయి రాండి," అన్నాడు పాల్‌రాజ్. "తొందరేం లేదు."

భాష్యం బయలుదేరాడు. కాశిమేడు దాటి సముద్రం పక్క రోడ్డెక్కేదాకా స్పీడు ముల్లు ఇరవై మీదే ఉంది. కంటెయినరు లారీలు హారన్లు మోగించాయి. ఒక షేర్ ఆటో దాటిపోతుంటే, అందులోని ఆడవాళ్ళందరూ తలలు బయటికి పెట్టి చూశారు. చేపల గంపలు కట్టుకున్న మోపెడ్ కూడా దాటిపోయింది.

"ఏమండీ, మనల్ని చేపలు కూడా దాటుకుని పోతా ఉండాయి."

"ఇదే సరైన స్పీడు."

"ఓడ లేదు ఈడ. రోడ్డు ఇది."

ఆయన ముల్లు వైపు చూసి, సిగ్గుపడినట్టు నవ్వి, గేరు మార్చాడు. ముప్పై, నలభై. రాళ్ళు పేర్చిన ఒడ్డు పక్కనే సముద్రం తెల్లగా మెరిసింది. ఒకచోట లారీలు లేని ఖాళీ దొరికింది. కారు కింద నుంచి గుర్రుమని ఒక శబ్దం వచ్చి, సీత వీపు సీటుకు అతుక్కుంది. ముల్లు అరవై దాటింది. ఆమె తలుపు పిడి పట్టుకుని పక్కకు చూసింది. ఆయన ముఖం వెలిగిపోతోంది.

అయినా సీత మనసు మారలేదు. ముఖం వెలగడానికి పూరీ కూర్మా కూడా చాలు ఆయనకు. ఆ సంతోషం ఈ రోజుకు. రేపు కింద జాగాలో కారు నిలబెట్టి, వాచ్‌మన్ నవ్వాడనో, ఎదురింటాయన ఏదో అన్నాడనో ముఖం వేలాడేసుకుని పైకి వస్తే? ఇక్కడే చెప్పేస్తే మంచిది, ఇంటిదాకా మోసుకుపోవడం ఎందుకు?

"ఎక్కడైనా నిలపండి," అంది, ఏసీ చలికి తన పక్క అద్దం దించుకుంటూ. "కొంచెం మాట్లాడాల."

తిరువొత్తియూరు ఇంకా రాలేదు. ఎడమ చేతివైపు మూసేసిన గోదాము పొడవాటి గోడ ఉంది. దాన్ని ఆనుకుని వెనకా ముందూ రెండు ట్రైలర్లు ఆగి ఉన్నాయి. వాటి మధ్య సరిగ్గా ఒక కారు పట్టే చోటు. భాష్యం ముందున్న ట్రైలరు పక్కన ఒక్క క్షణం ఆగాడు. తరువాత అద్దాలు చూసుకుంటూ, చక్రం ఒక చుట్టు తిప్పి, సగం వెనక్కి వదిలి, మళ్ళీ తిప్పాడు. ఒకే ఒక ఊపులో కారు గోడ పక్కకు వెళ్ళి నిలిచింది. ముందుకూ వెనక్కూ సవరించుకోలేదు. ఇంజను ఆపాడు. తాళంచెవి గేరు పక్కనున్న గుంటలో వేశాడు. దిగి, అరచేత్తో నెమ్మదిగా తలుపు మూసి, రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

టీ తేవడానికి పోయాడేమో అనుకుంది సీత. తనూ దిగుదామని తలుపు పిడి లాగి, అద్దం దించి ఉన్న కిటికీలోంచి బయటికి చూసింది. సిమెంటు గోడ ముక్కుకు తగిలేంత దగ్గర. తలుపు తీసే ప్రశ్నే లేదు. వెనక్కి చూస్తే ట్రైలరు. ముందు చూస్తే ఇంకో ట్రైలరు. కుడివైపు గేరు, దాని అవతల ఆయన సీటు. ఆరు గజాల చీరతో ఆ గేరు దాటడం సీత వల్ల అయ్యే పని కాదు.

ఆయన ఎక్కడున్నాడా అని మెడ సాచి చూసింది. ముందున్న ట్రైలరు అవతల, రోడ్డు అంచున నిలబడి ఉన్నాడు. టీ కొట్టు ఉన్న వైపు చూడడం లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, వచ్చే బళ్ళ వైపు చూస్తూ, నింపాదిగా ఎదురు చూస్తున్నాడు. ఎవరి కోసం?

సీతకు ఒక్కసారిగా అర్థమైంది. వ్యాను కోసం.

ముందు కోపం వచ్చింది. ఇరవై ఆరేళ్ళ తరువాత మొదటిసారి మొగుడి పక్కన కూర్చుంటే, ప్లాస్టిక్ కప్పిన ఖాళీ సీటు అనుకుని వదిలేసి పోయాడు! పిలుద్దామని నోరు తెరిచింది. అంతలో చెయ్యి కిటికీలోంచి బయట పడింది. ఏమీ ఆలోచించకుండానే వేళ్ళు ముడిచి, పిడికిలిని తలుపుకూ గోడకూ మధ్య పెట్టింది.

సరిగ్గా పట్టింది. ఇటు తలుపు తగులుతోంది, అటు సిమెంటు తగులుతోంది. కొంచెం ముందుకు జరిపి చూసింది, అంతే. చేతనైనంత వెనక్కి జరిపి చూసింది, అంతే. ఒక వెంట్రుక తేడా లేదు. అలవాటులేని కారు, రోడ్డు మీద చోటు, ఈల వేసేవాడు లేడు, సైగ చేసేవాడు లేడు. రెండు నెలలుగా గ్యాసు కట్టేశానా అని మూడుసార్లు అడిగే మనిషి ఈ పని ఎవరినీ అడక్కుండా చేశాడు. బాగుందా అని కూడా అడగలేదు. చేసి, తలుపు మూసి, తన పని అయిందని దిగిపోయాడు.

సీత పిడికిలిని అక్కడే ఉంచి కాసేపు కూర్చుంది. ఆమె కూడా పని కొలతగా చేసే మనిషే. ఇంత కొలత తెలిసిన చేతికి నంబర్లు ఎక్కించే ట్యాబు ఇచ్చి పక్కన నిలబెట్టారు. కొత్త కాంట్రాక్టరును ఏం చేయడమూ ఆమె చేతిలో లేదు. ఆదివారం లోపల చెప్పవలసిన మాట ఒకటి మాత్రం ఉంది.

రోడ్డు మీద ఒక షేర్ ఆటో ఆగింది. భాష్యం వంగి డ్రైవరుతో ఏదో అన్నాడు. డ్రైవరు అయోమయంగా చూశాడు. భాష్యం కూడా ఆయన్ను అయోమయంగా చూశాడు. తరువాత గిరుక్కున తిరిగాడు. పరుగున వస్తుంటే చెప్పు ఊడింది. దాన్ని వదిలేసి వచ్చాడు.

"సీతా! అయ్యో సీతా!"

"ఏమండీ, నన్ను ఏ దేశానికి పంపిస్తా ఉండారు?" అంది సీత కిటికీలోంచి. "ఓడలో కార్లకు కట్టినట్టు బెల్టులు కూడా కట్టించేస్తే సరిపోయేది."

ఆయన కుడి తలుపు తీసి, సీట్లో కూలబడి, తల పట్టుకున్నాడు. "ఆటోవోణ్ణి యార్డుకు పోతావా అని అడిగినా. 'ఎంద యార్డు సార్' అన్నాడు. అప్పుడు తెలివి వచ్చింది."

సీత నవ్వింది. ఆయన నవ్వలేదు.

"వద్దులే సీతా. ఈ కారు వద్దు. పక్కన మనిషిని మరిచిపోయేవోడికి కారెందుకు? పాతికేళ్ళు ఆ సీట్లో ఎవరూ లేరు. ఇప్పుడు నేర్చుకునే వయసా ఇది?" కారును మెల్లగా ముందుకు తీసి, గోడకు దూరంగా జరిపి, దిగొచ్చి ఆమె తలుపు తనే తీశాడు. "దిగు. టీ తాగి, కారు ఇచ్చేసి పోదాం. నువ్వు మాట్లాడాలన్నావే, ఏంది?"

"ఏం లేదు. టీ తాగుదామనే."

టీ తాగారు. పోయిన చెప్పు వెతికారు. వచ్చేటప్పుడు మూడుసార్లు 'ఉండావా?' అని అడిగాడు. మూడుసార్లూ ఉన్నానంది.

రాయపురంలో పాల్‌రాజ్ అదే స్టూలు మీద, అంతే నిటారుగా ఉన్నాడు. భాష్యం తాళంచెవి ఉన్న చెయ్యి చాచి, గొంతు సవరించుకున్నాడు. "అన్నా, బాగుంది గానీ, మాకు..."

"అన్నా," అంది సీత అడ్డం వచ్చి. "ఎడమ సీటు కదల్లా. మీట తుప్పు పట్టినట్టుంది. దాన్ని బాగు చేయించి ఇయ్యాల. ముందర చక్రాలు రెండూ ఒక కంపెనీవి, వెనకవి వేరే. అవి మేము మార్చుకుంటాం. ఇన్సూరెన్సు ఏ నెల దాకా ఉంది?"

పాల్‌రాజ్ ఆమెనూ భాష్యాన్నీ మార్చి మార్చి చూశాడు. "నవంబరు దాకా ఉందమ్మా. ఏందయ్యా భాష్యం, వద్దని చెప్పేదానికి వచ్చినట్టు ముఖం పెట్టినావు?"

భాష్యం సీత వైపు చూశాడు. ఆ చూపు సీతకు బాగా తెలుసు; రెండు నెలలుగా చూస్తున్నదే.

"నన్ను చూడొద్దు," అంది నెమ్మదిగా. "మీకు కావాలా, వద్దా? మీరే చెప్పండి."

పక్కన ఐసు కోసే యంత్రం గర్రుమంటోంది. గోడ అవతల చేపలు వేలం వేసే అరుపులు. భాష్యం కారు చుట్టూ ఒకసారి నడిచి వచ్చాడు. అవతల పక్క ఒక్క క్షణం ఆగి, ఎడమ తలుపు తీసి, మూసి చూశాడు.

"కావాల," అన్నాడు.

"అద్దీ మాట!" అంటూ పాల్‌రాజ్ తొడ చరిచి, నడుము పట్టేసి, "అమ్మాడీ" అని కళ్ళు మూసుకున్నాడు.

మంగళవారం కాగితాలకు వస్తామని చెప్పి బయటికి వచ్చారు. ఇంటికి పోయే షేర్ ఆటోలో అప్పటికే ఆరుగురు ఉన్నారు. సీత ఒక చేపలామె బుట్టకూ భాష్యానికీ మధ్య సర్దుకుని కూర్చుంది. ఆటో బయలుదేరాక ఆయన చెవి దగ్గరకు వంగాడు.

"వద్దని చెప్పేదానికే వచ్చినావు గదా?"

"అవును."

"మరి ఏం చూసి ఒప్పుకున్నావు?"

సీత ఆలోచించింది. చెప్తే, రేపటి నుంచి ఆయన కారు నిలబెట్టినప్పుడల్లా తన చేతులనే చూసుకుంటాడు. బాగుందా సీతా అని అడుగుతాడు.

"ఏసీ బాగా చల్లగా ఉంది," అంది.

"అదేనా?"

"అదే. మన ఊరి ఎండకు ఇంకేం కావాల?"

భాష్యానికి ఆ జవాబు బాగా నచ్చింది. ఈ కార్లకు ఏసీ ఎందుకంత చల్లగా ఉంటుందో, లోపల గాలిని నొక్కే యంత్రం ఎక్కడుంటుందో, జపాను కార్లకూ జర్మనీ కార్లకూ అందులో తేడా ఏమిటో చెప్పడం మొదలుపెట్టాడు. చేతులు తిప్పి చూపిస్తుంటే చేపలామె బుట్ట పక్కకు జరుపుకుంది. తెలుసా సీతా, తెలుసా అంటూనే ఉన్నాడు గానీ, ఆ మాటలన్నింటిలో ఆమెను అడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు. తిరువొత్తియూరు వచ్చేదాకా సీత ఊఁ కొడుతూ కూర్చుంది.